అడిగి మూసిన కిటికీ

కోరుట్లలో సిద్దిపేట బస్సెక్కిన కాసేపటికే వాన మొదలైంది. కిటికీ పక్కనున్న పెద్దమనిషి అద్దం మీద చెయ్యి వేసి, నన్నూ వెనక సీటులోని ఆవిడనూ అడిగాడు.

“మూయమంటరా?”

“తడుస్తున్నం గద అన్నా! గిది గూడ అడుగుతరా?” అందావిడ.

అప్పుడు మూశాడు. అప్పటికే ప్రజాభిప్రాయ సేకరణలో నా చొక్కా ఒక పక్క తడిసిపోయింది.

ఆయన సిరిసిల్లలో మరమగ్గం నడుపుతాడు. జనాన్ని అడగకుండా ఏ పనీ చేయకూడదనే చిన్న పార్టీ వాళ్లది. ఆ పార్టీ తరఫున వార్డులో నిలబడాలి. నామినేషన్‌కు గడువు ఆ రోజు ఐదింటి వరకే. నిలబడమంటారా అని వార్డంతా ఇల్లిల్లూ అడిగాడట. ఒక్క కుటుంబం కోరుట్లకు పెళ్లికి పోయిందని, వాళ్లను అడగడానికి వచ్చాడట.

“ఏమన్నరు?”

“నువ్వే నిలవడు అన్నరు. గది నాకు ముందుగాలనే ఎరుకే.”

“మరి ఫోన్ చేస్తే అయిపోతుండె గద?”

“ఫోన్ల అందరు సరే అంటరు సార్. మొఖం జూడాలె.”

వేములవాడలో డ్రైవర్ చాయ్‌కి దిగితే, ఆయన గడియారం చూసుకున్నాడు.

సిరిసిల్ల చేరేసరికి ఐదూ పది. ఒళ్లోని నామినేషన్ కాగితాలను నలగకుండా మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

“ఓడిపోలే సార్. అసలు నిలవడనే లే,” అని దిగిపోయాడు.

బస్సు కదిలింది. వాన తగ్గింది. కిటికీ తెరవబోయి, ఎందుకో వెనక్కి తిరిగాను.

“అమ్మా, తెరవమంటరా?”

ఆవిడ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

“నువ్వు గూడ గా పార్టేనా?”