అడుగున్నర సందు

ఇల్లు కొనేవాళ్ళు మంచిరోజు చూసుకుని బయల్దేరతారు. నేను వాన చూసుకుని బయల్దేరాను.

తొంభైల నాటి సంగతి. చోడవరంలో బజారు వెనక వీధిలో పాత పెంకుటిల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. అమ్మేది రిటైరైన ఒక మేస్టారు. మేమున్న అద్దె వాటాని ఇంటివాళ్ళు కొడుకు పెళ్ళికని ఖాళీ చెయ్యమన్నారు. పెళ్ళి శ్రావణంలో. ఈ ఇల్లు తప్పితే సామానుతో రోడ్డు మీద నిలబడటమే. మాడుగుల ఆసామీ ఒకాయన శ్రావణం రాగానే బయానా పట్టుకొస్తానన్నాడట. అప్పుడు ఆషాఢం. ఆ నెలలో మా వైపు ఇల్లు కొనడానికి ఎవరూ డబ్బు బయటికి తియ్యరు. అంటే మేస్టారు ఇంకొకరికి అమ్మలేడు, నేను చూడటం మానక్కర్లేదు, పైగా వానాకాలం. ఆషాఢాన్ని శూన్యమాసం అన్నవాళ్ళు ఎప్పుడూ పాత ఇల్లు కొని ఉండరు.

కలప డిపోలో దుంగలు కొలవడం నా పని. పదో తరగతి తప్పాను గాని లెక్కలు దుంగల దగ్గరే నేర్చుకున్నాను. రిజిస్ట్రాఫీసులో పదమూడేళ్ళ ఈసీ తీయించాను, ఎక్కడా తాకట్టు లేదు. పాత దస్తావేజులన్నీ చదివాను. పదకొండు దూలాలకీ మేకు గుచ్చి చూశాను, రెండింట్లో చెద. తర్వాత టేపు తీశాను. కాగితంలో వెడల్పు ఇరవై నాలుగు అడుగులు. గోడ నుంచి గోడకి ఇరవై ఒకటి.

"మూడడుగులు ఏవయ్యేయి మేస్టారూ?"

"పాతిల్లు కదయ్యా, కాస్త కుంగింది."

"కుంగితే ఎత్తు తగ్గుద్ది గాని వెడల్పు తగ్గుద్దా?"

ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పిన మనిషి, జామకాయ కోసుకొస్తానని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పెద్ద వాన. గొడుగు వేసుకుని వెళ్ళి ఇంటి చుట్టూ టేపు పట్టాను. పక్కింటి అరుగు మీద కూర్చున్న మామ్మ చాలాసేపు చూసింది.

"ఏటి బాబూ ఆ కొలతలు? ఇంటికా, శవానికా?"

మూడడుగులు పోయాయని చెప్పాను.

"ఓరి పిచ్చినాయనా! చూరు నీళ్ళు ఎక్కడ పడితే అక్కడిదాకా ఇల్లే. మీ తాతలు గోడ కొలిసేరేటి?"

చూశాను. పడమటి వైపు చూరు నీళ్ళు గోడకి సరిగ్గా అడుగున్నర దూరంలో గాడి తీస్తున్నాయి. తూర్పున ఇంకో అడుగున్నర. మూడూ దొరికాయి. దుంగకి బెరడుతో సహా కొలత ఉంటుందని తెలిసినవాణ్ణి, ఇంటికి ఉంటుందని తోచలేదు. ఆనందం ఒక్క నిమిషం ఉంది. తూర్పున మామ్మ గోడ దాకా ఉన్న సందు మొత్తం కూడా అడుగున్నరే. మామ్మ చూరు మా చూరు పైకి వచ్చి మా పెంకుల మీద పోస్తోంది. ఆ నీళ్ళూ మా నీళ్ళూ కలిసి ఆవిడ గోడ మొదట్లో పడుతున్నాయి.

"మరి ఈ సందు ఎవరిది మామ్మా?"

"నాదే. కాయితం ఉంది."

"నాదే" అన్నాడు మేస్టారు కిటికీలోంచి. "నాకూ కాగితం ఉంది."

రెండు కాగితాలూ చూశాను. ఇద్దరిదీ నిజమే. కాగితాల మీద రెండు సందులు, నేల మీద ఒకటి. దాని కోసం ఆ ఇద్దరూ పాతికేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. మేస్టారు అమ్ముతున్నది ఇల్లు కాదు, తగువు. ఇల్లు దాంతో ఉచితం.

రిజిస్ట్రీ కాగితంలో ఆ సందు ఉమ్మడి అని రాసి, మామ్మ సాక్షిగా వేలిముద్ర వేస్తేనే కొంటానన్నాను. మేస్టారు చస్తే రాయనన్నాడు. శ్రావణానికి ఆరు రోజులుంది. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ టేపుని పెరట్లోకి విసిరేసింది. తర్వాత చీర మార్చుకుని, నాతో మేస్టారింటికి వచ్చి మొదలెట్టింది.

"మేస్టారండీ, మీరు మాడుగులాయనకే అమ్మండి. పాపం ఆయనకి ఈ సందు తెలీదు కదా. వానొచ్చినప్పుడు నేనే గొడుగు పట్టి సూపిస్తాను. మామ్మగారు వివరం సెప్తారు."

"ఎందుకు సెప్పను? మా బాగా సెప్తాను" అంది మామ్మ అరుగు మీంచి.

పాతికేళ్ళలో మేస్టారి ఇంటివైపు నుంచి వచ్చిన మాటకి ఆవిడ వంత పాడటం అదే మొదటిసారి అనుకుంటాను. మేస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "రాయండి" అన్నాడు.

సగమైనా కాగితం మీదికి ఎక్కుతుందని మామ్మ ఒప్పుకుంది గాని, వేలిముద్ర వేసేముందు ఒక షరతు పెట్టింది: ఆ సందులో మేము అంట్ల నీళ్ళు పొయ్యకూడదు.

శ్రావణం రెండోవారంలో చేరాం. మొదటి వానకి నేను సందులోకి వెళ్ళాను. నా భుజాలు పదిహేడంగుళాలు, సందు పద్దెనిమిది. వెళ్ళడం వెళ్ళాను గాని తిరగడానికి లేదు.

"ఇంకా ఏటి కొలుస్తన్నావు బాబూ?" అంది మామ్మ.

"నా వాటా ఎంతో చూస్తన్నాను మామ్మా."

"నీ వాటాలోనే ఇరుక్కున్నావు, రా ఇవతలికి."

వెనక్కి నడిచి వచ్చాను. రెండు చూర్ల నీళ్ళూ నా నెత్తి మీదే పడ్డాయి.