ఆకులు వారుతున్నాయా?

ఆదిలాబాద్ జిల్లాలో పత్తి ఆకులు వాడకుండా ఒక్క మీట నొక్కి ఆపిన మొనగాణ్ణి నేను. శాస్త్రవేత్తలకు చేతకాని పని నా తెలివితక్కువతనానికి చేతనైంది. అదెలాగో చెప్పాలంటే ముందు మా ఆఫీసు సంగతి చెప్పాలి.

కరీంనగర్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన మా ఆఫీసు. కింద గిన్నె పడితే పైన మా ఆలోచన తెగుతుంది. అప్పట్లో పత్తి రైతుల కోసం ఒక యాప్ చేస్తున్నాం. ఆకు ముడుచుకుందా, మచ్చలు పడ్డాయా అని తెలుగులో ప్రశ్నలు అడిగి, ఏ మందు ఎంత కొట్టాలో చెప్తుంది. కోడ్ రాసేది ఇద్దరం: నేను, గోదావరిఖని నుంచి వచ్చిన ఒక అమ్మాయి. నన్ను అన్నా అనేది. అనుభవంలో నేను పెద్ద, తెలివిలో ఆమె పెద్ద. జీతం దగ్గర మాత్రం అనుభవానిదే పైచేయి.

కోడ్ మధ్యలో మేం కామెంట్లు రాసుకుంటాం. వాటిని కంప్యూటర్ చదవదు. రేపు ఆ కోడ్ ముట్టుకునే మనిషి కోసం రాసిపెట్టే మాటలవి. నేను తెలుగులోనే ధారాళంగా రాసేవాణ్ణి. ‘వాడు ఇక్కడ తప్పు నొక్కితే వెనక్కి పంపు.’ ‘వాడు చదవలేకపోతే ప్రశ్న వినిపించు.’ వాడు అంటే, యాప్ వాడేవాడు. ప్రాస కూడా కుదిరిందని మురిసిపోయాను.

ఒకరోజు ఆ అమ్మాయి కుర్చీ ఇటు జరుపుకొని, తెర మీద వేలు పెట్టి, “అన్నా, గీ వాడు ఎవరు?” అని అడిగింది.

రైతు అన్నాను. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో మన యాప్ వాడి చూస్తామన్న రైతుల్లో సగానికి పైగా ఆడవాళ్లేనని గుర్తుచేసింది. నేను వెళ్లి వ్యాకరణం చాటున దాక్కున్నాను. ‘ఆమె’ అని రాస్తే ‘వచ్చింది’ అనాలి. సర్వర్ కూడా ‘వచ్చింది’, బర్రె కూడా ‘వచ్చింది’. ఎవరు వచ్చారో ఎలా తెలుస్తుంది అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

“ఆమె అని రాయమంటలేనన్నా,” అంది. “మా బాపు బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు పనిజేసిండు. రోజూ హాజరుకాడ ‘వాడొచ్చిండా’ అనే అడిగేటోళ్లు. ఒక్క దినం కొత్త సారెవరో ‘వచ్చిన్రా’ అన్నరట. ఇంటికొచ్చి అవ్వకు గదే రెండుసార్లు చెప్పిండు. వారు అని రాయి. ఆడోళ్లకు సరిపోతది, మొగోళ్లకూ సరిపోతది.”

వాదనలో ఓడిన మనిషి పనిలో చురుకు చూపిస్తాడు. ఒక్కొక్కటీ చూసి మార్చడం ఎందుకని, ఉన్న ‘వాడు’లన్నింటినీ ఒక్క మీటతో ‘వారు’ చేసేశాను. రైతులకు తెర మీద కనిపించే ప్రశ్నలు కూడా ఆ ఫైల్లోనే ఉన్నాయన్నది మరిచాను. తెలుగులో వాడు అంటే మగమనిషి ఒక్కడే కాదు. మందు వాడుతాం, మొక్క వాడుతుంది. కంప్యూటర్‌కు ఆ తేడా తెలియదు. తెలిసిన నేను కింద బండి దగ్గర మిర్చీలు తింటున్నాను.

మరునాడే ఇచ్చోడలో యాప్ చూపించాలి. అది నిజానికి ఆ అమ్మాయికి పరీక్ష. బోథ్, ఇచ్చోడ, భైంసా వైపు పనంతా తనకు అప్పగించమని మా యజమానిని ఎన్ని నెలలుగానో అడుగుతోంది. ఆడపిల్ల ఊళ్లు ఎలా తిరుగుతుందని దాటేస్తూ వచ్చిన ఆయన, చివరికి ఈ ఒక్కరోజు సరిగ్గా జరిపిస్తే చూద్దామన్నాడు.

ముగ్గురం వెళ్లాం. పంచాయతీ వరండాలో రైతులు కూర్చున్నారు. ఒక పెద్దామె ఫోన్‌ను మూరెడు దూరంలో పట్టుకొని పైకి చదివింది. ‘వారుకదారులకు స్వాగతం. ఆకులు వారుతున్నాయా? ఏ మందు వారుతున్నారు?’

“ఆకులు వారుడేంది బిడ్డా,” అంది పెద్దామె, “గంజి వార్చినట్టు?”

వరండా అంతా నవ్వింది. నేను నా చెప్పులు చూసుకున్నాను. గోదావరిఖని అమ్మాయి మాత్రం తడబడలేదు. “తప్పు రాసినమవ్వా, మీరు చెప్తే దిద్దుకుంటం,” అని పెద్దామె పక్కనే చాప మీద కూర్చుంది. ఒక్కొక్క ప్రశ్న ఆ ఊరి మాటలో ఎలా అడగాలో వాళ్లనే అడిగి రాసుకుంది. లేచేసరికి, మళ్లీ ఎప్పుడొస్తావని వాళ్లే అడిగారు.

తిరుగుదారిలో యజమాని కారులో తీర్పు చెప్పేశాడు. “ఆడపిల్ల, తొందరపడ్డది. ఇగ ఇటు పని వేరేవానికిద్దాం.”

ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా మాట ఎత్తలేదు. నిర్మల్ దాటాక, మార్చింది నేనే సార్ అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. “పోనీ తియ్యి. మనిషన్నంక తప్పు జేస్తడు.”

చేస్తడు. ఆ ఒక్క ‘డు’ ఎంత మెత్తటి పరుపో, ఇన్నేళ్లుగా దాని మీద పడుకున్న నాకు అప్పుడు తెలిసింది. ఆమె చేసిందనుకుంటే పని పోయేంత తప్పు. నేను చేశానంటే మానవ సహజం. ఇదంతా ఆయనకు చెప్పాలనుకున్నాను. చెప్పింది మాత్రం ఒక్కటే: తప్పు నాదైనప్పుడు పని ఆమెదే కదా సార్ అని. ఆయన జగిత్యాలలో చాయ్ తాగేదాకా ఆలోచించాడు. ఈలోపు ఇచ్చోడ పెద్దామె రెండుసార్లు ఆ అమ్మాయికి ఫోన్ చేసింది, ఇంకో ప్రశ్న గుర్తొచ్చిందని. రెండో ఫోన్ తర్వాత ఆయన సరేనన్నాడు.

మరునాడు మార్చకముందు ఉన్న పాత ఫైలంతా ముందేసుకొని ఒక్కొక్క ‘వాడు’నూ ముఖం చూసి మార్చాను. ఆ ఊపులోనే ఒక చిన్న కాపలా పెట్టాను. కామెంటులో ‘వాడు’ అనో ‘ఎవడు’ అనో రాస్తే ఫైలు సేవ్ కాదు. ఈసారి వాడుక జోలికీ, వాడిపోయే ఆకుల జోలికీ వెళ్లకుండా జాగ్రత్తపడ్డాను. మా యజమానికి అప్పుడప్పుడు కోడ్‌లో వేలు పెట్టి, ‘ఎవడు రాసిండు ఇది’ అని కామెంటు రాసిపోయే అలవాటుందని నాకు తెలియక కాదు.

పది రోజులకు యజమాని నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి బోథ్‌లో ఉంది, ఆఫీసులో నేనొక్కణ్ణే.

“గిదేంది, సేవ్ చేస్తుంటే ‘ఎవరు అని అడగండి’ అంటున్నది? దీన్ని ఎవడు పెట్టిండు?”

“ఎవరో పెట్టిన్రు సార్,” అన్నాను.