అక్క రక్తంలో అంకె

షెక్ సుయ్‌ఫుక్‌కి వాళ్లక్క తాయ్‌హే అంటే భయం. యాభై రెండేళ్లు నిండి, మనవణ్ణి ఎత్తుకున్నా ఆ భయం పోలేదు. అతనికి ఆరేళ్లప్పుడు తల్లి పోతే, పద్నాలుగేళ్ల తాయ్‌హే తెడ్డు పట్టింది. ఆబర్డీన్ రేవులో లంగరేసిన పెద్ద పడవలకీ ఒడ్డుకీ మధ్య జాలర్లని దాటిస్తూ తమ్ముణ్ణి పెంచింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "నా పడవలో ఇద్దరు మగాళ్లున్నారు, మూడోవాడికి చోటు లేదు" అనేది.

ఆ ఇద్దరిలో ఒకడు పెద్దన్న. నలభై నాలుగేళ్లకే ముక్కు వెనకాల పుట్టిన క్యాన్సర్‌తో పోయాడు. రేవులో అది కొత్త జబ్బేం కాదు, పడవలవాళ్ల జబ్బనే అనేవారు. పసిపిల్లలకి పాలు మాన్పించగానే ఉప్పుచేప తినిపించడం వల్ల అని కొందరు, వంశంలోనే ఉందని కొందరు.

తాయ్‌హేకి యాభై ఆరో ఏట వచ్చింది. ముక్కు చీదితే నెత్తురు, మెడ మీద గడ్డ. ముప్ఫై మూడు రోజులు కిరణాలు పెట్టారు. గడ్డ కరిగింది. దాంతోపాటు నోట్లో తడి కూడా పోయింది. అన్నం ముద్ద దిగాలంటే సూపు పోసుకోవాల్సిందే. ఎడమ చెవి మందగించింది. అయినా నెలా పదిహేను రోజులకే మెళ్లో నీళ్ల సీసా వేలాడేసుకుని పడవెక్కేసింది.

ఆరు నెలలకోసారి ఆసుపత్రిలో రక్తం తీసేవాళ్లు. సుయ్‌ఫుక్ తోడెళ్లేవాడు. డాక్టర్ యియు చిన్నవాడు, ఓపిక ఎక్కువ.

"ఈ క్యాన్సర్ కణాల్లో ఒక వైరస్ దాక్కుని ఉంటుందక్కా. కణం చచ్చినప్పుడల్లా దాని తునకలు రక్తంలోకి రాలతాయి. మేం వాటిని లెక్కపెడతాం."

"చేప కనపడకపోయినా నీళ్లమీద పొలుసులు తేలితే చేప ఉన్నట్టే, అంతేనా?" అంది తాయ్‌హే.

"అంతే. మీకు సున్నా ఉంది. హాయిగా వెళ్లండి."

అలా నాలుగేళ్లు. ఆ మార్చిలో మాత్రం డాక్టర్ కాగితం చూసి, దాన్ని వాళ్లవైపు తిప్పాడు. ఎనభై నాలుగు. నెలాగి మళ్లీ తీశారు. మూడొందల పది. తల నుంచి తొడల దాకా స్కాన్ చేశారు. ఎక్కడా ఏమీ లేదు.

"లేదంటే మంచిదే కదండీ!" అన్నాడు సుయ్‌ఫుక్.

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "ఎక్కడో ఉంది. స్కాన్‌కి కనపడేంత పెరగలేదు. ఎక్కడుందో తెలీకుండా కిరణం ఎటు పెట్టను? మందు మొదలెడదామన్నా, ఈ దశలో అది పనిచేస్తుందని చెప్పలేను. మూణ్ణెల్లాగి చూద్దాం."

"పెరిగేదాకా కూర్చుందామంటారు," అంది తాయ్‌హే.

ఆయన తర్వాతి తేదీ రాసిచ్చాడు.

ఆ మూణ్ణెల్లూ తాయ్‌హే ఒక్కరోజు కూడా పడవ ఆపలేదు. జులైలో తొమ్మిదొందలు దాటింది, స్కాన్‌లో ఏమీ లేదు. సెప్టెంబర్‌లో నాలుగు వేలు. ఒంట్లో నొప్పి లేదు, ఆకలి తగ్గలేదు. మనిషి చూడ్డానికి బాగానే ఉంది. అదే సుయ్‌ఫుక్‌ని ఎక్కువ వణికించింది. తాడు చుడుతున్న ఆ చేతుల్ని చూస్తూ, లోపల ఏ మూల పెరుగుతోందో అనుకునేవాడు.

ఒకరోజు ఇద్దరూ ఒడ్డున చేపల జావ తాగుతుంటే ఆమె అడిగింది. "ఒరేయ్ ఫుక్, నువ్వూ ఆ రక్తం ఇచ్చి రారా. అన్నకొచ్చింది, నాకొచ్చింది. మిగిలింది నువ్వే."

"నాకేమైందని? దుక్కలా ఉన్నాను."

"నేను మాత్రం ఇప్పుడెలా ఉన్నాను?"

అతనికి ఎక్కడ లేని కోపమొచ్చింది. "నీకు ముందే తెలిసింది కదా! ఆర్నెల్ల నుంచీ తెలుసు. తెలిసి ఏం చేశావ్? ఏం చేశారు నీ డాక్టర్లు? కూర్చోబెట్టి అంకెలు చదువుతున్నారు. నాకా చదువొద్దు."

తాయ్‌హే గిన్నె కింద పెట్టింది. పక్క బల్ల మీదివాళ్లు తల తిప్పి చూశారు.

నవంబర్ స్కాన్‌లో కనపడింది. కాలేయంలో మూడు, వెన్నులో ఒకటి. ఇక మందులు ఎక్కించడం మొదలైంది. జుట్టు రాలింది, వేళ్ల చివర్లు మొద్దుబారాయి. అంకె మాత్రం పడింది. వేలు వందలయ్యాయి, ఫిబ్రవరికి అరవై. ఆ వారం ఆమె జాలర్లని కాచే తిన్‌హౌ దేవత గుడికెళ్లి అగరుబత్తులు వెలిగించి, కాల్చిన పంది మాంసం పెట్టి వచ్చింది. ఏప్రిల్‌లో రెండు వేలు. మందు మార్చారు. మేలో పదకొండు వేలు. డాక్టర్ ఆ అంకె చెప్పబోతే ఆమె చెయ్యెత్తింది. "ఇక నాకు చెప్పకండి బాబూ. మీ కాగితంలో మీరు రాసుకోండి." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "వీడి చెయ్యి చూడండి. నరాలు బాగా కనపడతాయి."

నర్సు ముందర, అంత చిక్కిన అక్కకి కాదని చెప్పలేక సుయ్‌ఫుక్ చొక్కా చెయ్యి మడిచాడు.

మొదటిసారి తీసినప్పుడే అతని రక్తంలో వైరస్ తునకలు కనిపించాయి. నెలాగి తీస్తే మళ్లీ కనిపించాయి. ముక్కులోంచి గొట్టం పంపి చూశారు. వెనక గోడ మీద పెసర గింజంత పుండు.

"చాలా ముందే దొరికింది," అన్నాడు యియు. "మీకు మందులు కూడా అక్కర్లేదు, కిరణాలు చాలు. పదిమందిలో తొమ్మిదిమంది బాగైపోతారు."

సుయ్‌ఫుక్‌కి ఆ తొమ్మిదిమంది చెవికెక్కలేదు. వరండాలోకొచ్చి అక్కతో అన్నాడు, "చాలా? ఇప్పుడు చల్లగా ఉందా నీ కడుపు? నిన్నటిదాకా బాగున్నాను. నువ్వే అంటగట్టావ్."

"తిట్టరా," అంది తాయ్‌హే. "తిట్టడానికైనా మిగులు."

ఆగస్టులో కిరణాలు మొదలయ్యాయి. మొదటి రెండు వారాలు ఆమె కర్ర ఊతం చేసుకుని తోడొచ్చేది. అతను మాట్లాడేవాడు కాదు. ఆమె మాత్రం, నోరు ఎలా పుక్కిలించుకోవాలో, దవడ బిగిసిపోకుండా రోజూ ఎన్నిసార్లు తెరిచి మూయాలో, ఏ సూపు మంట పెట్టదో చెబుతూనే ఉండేది. మూడో వారం రాలేకపోయింది. కళ్లు పచ్చబడ్డాయి. అప్పటికి సుయ్‌ఫుక్ నోరు పుండై మాట రావడం లేదు. మాట్లాడదామని పక్కన కూర్చున్న రోజున గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమెకి చెవీ సరిగా వినపడదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అతను ఏం చెప్పాలనుకున్నాడో ఆమెకి తెలిసిందో లేదో.

సెప్టెంబర్‌లో ఒక బుధవారం తాయ్‌హే పోయింది.

దహనం రోజున అతనికి ఇరవై నాలుగో కిరణం. ఒక్కరోజు మానేస్తానని చేత్తో సైగ చేశాడు. మధ్యలో ఆపకూడదన్నారు. పొద్దున్నే వెళ్లి బల్ల మీద పడుకున్నాడు. ముఖానికి అచ్చు పోసిన వల ముసుగు తెచ్చి, బిగించబోతూ ఆగింది అక్కడ పనిచేసే అమ్మాయి. సంగతి ఆమెకెవరో చెప్పినట్టున్నారు.

"ఏడవాలనుంటే ఇప్పుడే ఏడ్చేయండి మామయ్యా. ఇది బిగించాక ముక్కు మూసుకుపోతే ఊపిరాడదు. కదిలితే గురి తప్పుతుంది."

అతను వద్దన్నట్టు వేలు ఆడించాడు. ముసుగు నాలుగు పక్కలా టకటకా బిగుసుకుంది. అమ్మాయి బయటికెళ్లి తలుపు వేసింది. యంత్రం తల చుట్టూ తిరగడం మొదలెట్టింది. పన్నెండు నిమిషాలు సుయ్‌ఫుక్ కదలకుండా పడుకున్నాడు.