ఎర్ర చీటీ అంటించిన ట్యూబు

రేవు పక్కన పడవల సామాను అమ్మే లప్పం పెద్దాయనకు ఒకే ఒక నియమం ఉండేది. అన్నిటికన్నా గట్టి జిగురు కావాలని అడిగినవారికి ఆయన జిగురు అమ్మేవారు కారు. దుకాణం మెట్టెక్కినవారు ముందుగా విచారణకు హాజరు కావలసిందే. కారుతున్నది నీటికి పైనా, అడుగునా? అతికించేది చెక్కకా, ఫైబరుకా, ప్లాస్టిక్కుకా? ఎండ తగులుతుందా? ఈ మూడూ దాటి బయటపడ్డామని ఊపిరి పీల్చుకుంటున్నవారిని ఆయన కళ్లజోడు పైనుంచి చూసి నాలుగోది అడిగేవారు.

“ఎప్పటికైనా విప్పాలా?”

“అక్కర్లేదండీ” అన్నవారు వట్టి చేతులతో ఇంటికి వెళ్లేవారు.

స్నానాలగదికి తెచ్చిన సిలికాను మిగిలిందని ఒక చేపలాయన దానినే పడవ అంచు పొడుగునా పూసుకున్నాడు. సిలికాను పూసిన చోట ఆ తరువాత రంగైనా అంటదు, వేరే జిగురైనా అంటదు. ఆ సంగతి తెలిసిన పెద్దాయన, పరామర్శకు వచ్చినవారివలె పడవ పక్కన రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, టోపీ తీసి వెళ్లిపోయారు. ఇంకొక ఘనుడు, నీటి అడుగున దివ్యంగా పనిచేసే పాలీసల్ఫైడు అనే జిగురును తీసుకుపోయి ప్లాస్టిక్ కిటికీకి పట్టించాడు. నెల తిరగకముందే కిటికీ పగుళ్లు బారింది.

“కిటికీకి సిలికాను, అడుగుకి పాలీసల్ఫైడు అని చెప్పానా లేదా? చెప్పులు చేతులకి తొడుక్కుని నడవలేకపోతున్నానంటే ఎవరేం చేస్తారు?” అన్నారు పెద్దాయన.

ఈ జబ్బు దుకాణానికే పరిమితమైనది కాదు. చెయ్యి విరిగినప్పుడు కట్టు వేయబోయిన డాక్టరును సైతం ఆయన అదే ప్రశ్న అడిగారు. ఆరు వారాలకు విప్పుతానని హామీ పొందిన మీదటనే చెయ్యి అప్పగించారు. తన కూతురిని చేసుకుంటానని వచ్చిన సరంగును, అనగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జనాన్ని దాటించే పడవ నడిపేవాడిని, కూడా వదలలేదు.

“ఈ సంబంధం ఎప్పటికైనా విప్పాలా?”

“ఎప్పటికీ లేదండీ” అన్నాడు సరంగు.

“కుర్రాడు మంచివాడే. జిగురు గురించి మాత్రం ఏమీ తెలీదు” అని భార్యకు చెప్పి, పెళ్లికి సమ్మతించారు.

అటువంటి మావగారి ఎదుట సరంగు ఒకనాటి ఉదయం తలవంచుకుని నిలబడవలసి వచ్చింది. ఇంజను చల్లబడడానికి నీరు లాగే ఇత్తడి గొట్టం పడవ అడుగున ఉంటుంది. దాని చుట్టూ సందు ఏర్పడి నీరు లోపలికి వస్తున్నది. వారం క్రితం ఆ నీరు ప్రయాణికుల చీలమండలదాకా రాగా, ఒక పెద్దమనిషి బూట్లు చేత్తో పట్టుకుని ఎదురు పడవలోకి గెంతాడు. మిగిలినవారు కూడా గెంతడానికి పంచెలు సర్దుకుంటుండగా, ఇక ఆ గొట్టం జన్మలో కదలకుండా అతికిస్తానని సరంగు అందరి ముందూ ప్రతిజ్ఞ చేశాడు. పది రోజుల్లో తనిఖీ. అందులో నెగ్గకపోతే ఆ రేవును ఇంకొకరి పడవకు ఇచ్చివేస్తారు.

“అన్నిటికన్నా గట్టిది ఇవ్వండి మావయ్యా.”

“ఎప్పటికైనా విప్పాలా?”

“చచ్చినా విప్పను.”

“నువ్వు చస్తే ఇంకోడు విప్పాలిగా. పాలీసల్ఫైడు పట్టుకెళ్లు. నీళ్లు ఆపుతుంది, విప్పితే వస్తుంది.”

“విప్పితే వచ్చేది నాకెందుకండీ? జనం ముందు మాటిచ్చాను.”

“జనానికి మాటిచ్చావు. గొట్టాన్ని అడిగావా?”

సరంగు బయటికి నడిచాడు. అయితే, రేవులో అందరికీ తెలిసిన రహస్యం ఒకటి ఉంది. పెద్దాయన తిప్పి పంపినవారికి ఆయన భార్య వెనక గుమ్మం దగ్గర గట్టి జిగురు అమ్ముతుంది. దానికి ‘అతి గట్టిది’ అని రాసిన ఎర్ర చీటీ అంటించి ఉంటుంది. భర్తకు తెలియకుండా ఇంత వ్యాపారం నడుపుతున్న ఆ ఇల్లాలి ధైర్యాన్ని రేవంతా మెచ్చుకునేది.

“అత్తయ్యా, మావయ్యకి చెప్పకండి.”

“నేనెందుకు చెప్తాను నాయనా? సంచిలో పెట్టుకో, ఎవరైనా చూస్తారు.”

సరంగు ఆ ట్యూబు మొత్తం గొట్టం చుట్టూ ఖాళీ చేసి, వారం రోజులు ఆరనిచ్చాడు. నీరు ఆగింది. సరంగు మీసం మెలి తిరిగింది.

తనిఖీ రోజున అధికారి ఒడ్డుకు లాగిన పడవ చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టం వద్ద ఆగారు.

“ఇది ఊడదీయండి. వెనకాల చెక్క చూడాలి.”

“అది రాదండి” అన్నాడు సరంగు. ఆ మాట గర్వంగా మొదలై, చివరికి వచ్చేసరికి సన్నబడిపోయింది.

“రాకపోతే చుట్టూ కోసి తీయండి. చూడకుండా సంతకం పెట్టను.”

చుట్టూ కోస్తే అడుగు చెక్కలు మార్చాలి. అవి మార్చేసరికి రేవు పరాయి పడవ పాలవుతుంది. సరంగుకు కళ్ల ముందు ఇంజను, ఇల్లాలు, మావగారి కళ్లజోడు వరుసగా కనిపించాయి. ఏమీ తోచక, పలచటి కత్తిని సందులోకి దూర్చి చుట్టూ తిప్పి, సుత్తితో లోపలి నుంచి ఒక దెబ్బ వేశాడు. రెండో దెబ్బకు గొట్టం బుద్ధిగా చేతిలోకి వచ్చింది.

గొట్టం వెనుక, వేలెడు మేర చెక్క మెత్తబడి ఉంది.

“సమయానికి చూశాం. ఇంకో ఏడాదైతే నడి నీళ్లలో అడుగు ఊడేది. నాలుగు రోజుల్లో ఆ ముక్క మార్చి చూపించండి, సంతకం పెడతాను. ఈ జిగురు ఎంచినవాడెవడో బుద్ధిమంతుడు. ఎవరు?” అన్నారు అధికారి.

“నేనేనండి” అన్నాడు సరంగు.

అక్కడినుంచి నేరుగా వెనక గుమ్మానికి వెళ్లాడు. ప్రాణం దక్కిన సంతోషం ఒక పక్క, మోసపోయిన రోషం మరొక పక్క.

“గట్టిదని ఇచ్చారు. రెండు దెబ్బలకి ఊడొచ్చింది అత్తయ్యా.”

“వచ్చిందా? హమ్మయ్య.”

ఆవిడ బీరువా తెరిచింది. లోపల అన్నీ ముందు గదిలో అమ్మే పాలీసల్ఫైడు ట్యూబులే. పక్కనే, ఇంకా అంటించని ఎర్ర చీటీల కట్ట. ‘అతి గట్టిది’ అన్న ఆ గుండ్రటి చేతిరాతను సరంగు గుర్తుపట్టాడు.

“ఇది మావయ్య రాత.”

“మరి నాదనుకున్నావా? వద్దంటే వినరు, పక్క ఊరెళ్లి నిజంగా గట్టిదే తెచ్చుకుని పడవలు పాడుచేసుకుంటారు. అందుకని ఆయనే రాసి పెడతారు. మీ పరువు మీకుంటుంది, మీ పడవ మీకుంటుంది. ఆయన్ని అడక్కు, సిగ్గుపడతారు.”

“నిజంగా గట్టిది లేనే లేదా?”

“మంచం కింద దాచారు. ఎప్పటికీ విడదీయకూడని కర్ర ఉంటే, ఆయనే వెళ్లి పూసొస్తారు.”

ఇంతలో ముందు గదిలోంచి పెద్దాయన వచ్చారు. సరంగు అప్పటికప్పుడు ముఖం వేలాడేశాడు.

“తనిఖీ ఏమైంది?”

“ఏమవుతుంది మావయ్యా, మీ మాట వినలేదు. బయట గట్టిది కొని పూశాను. ఎంత కొట్టినా రాలేదు. చుట్టూ కోసేశాం.”

పెద్దాయన ముఖం పాలిపోయింది.

“కోశారా? ఎందుకు కోశారు? రెండు దెబ్బలు వేస్తే వచ్చేదానికి...”

అత్తగారు బీరువా తలుపు మెల్లగా మూసింది.

“రెండు దెబ్బలని మీకెలా తెలుసు మావయ్యా?” అని సరంగు అత్యంత వినయంగా అడిగాడు.

లప్పం పెద్దాయన, కోసిన చెక్క మార్చడానికి ఉలి కావాలి, అది ఇక్కడే ఎక్కడో ఉండాలి అని గొణుగుతూ బల్ల కిందికి దూరి, అల్లుడు నవ్వడం పూర్తయ్యేదాకా పైకి రాలేదు.