అమ్మ అరచేతికి తెలిసిన వేడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గొప్పకు చెప్పుకోవడం లేదు. ఆ కోపం వల్ల మా ఇంట్లోంచి ఒకటి పోయింది, అది మళ్లీ రాలేదు. అందుకే ముందుగా ఒప్పుకుంటున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి అయిదారేళ్లయి ఉంటుంది. ఆర్మూర్‌లో మార్కెట్ యార్డుకు పోయే దారిలో నాకు చిన్న డీటీపీ షాపు ఉండేది. పెళ్లి పత్రికలు, దరఖాస్తులు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇచ్చేవాడిని. ముందర షాపు, వెనక ఇల్లు. పక్క ఖాళీ జాగాలో పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను అందులో పోసి తిప్పితే పైపొట్టు రాలిపోయి నున్నగా తేలతాయి. ఆ పొట్టు దుమ్ము ఎండాకాలమంతా మా గల్లీలో పరుచుకునేది. దండెం మీద ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు. షాపులోని పెద్ద కంప్యూటరుకు గుడ్డ కప్పేవాడిని. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండుకు కొన్న లాప్‌టాప్‌నైతే ఇంకా ముద్దు చేసి, బల్ల మీది దుమ్ము అంటకుండా తువాలను నాలుగు మడతలు వేసి దాని మీద పెట్టేవాడిని. నా తెలివికి నేనే మురిసిపోయేవాడిని.

మా అమ్మ ఆ పసుపులోనే పనిచేసి అక్కనూ నన్నూ పెంచింది. పసుపు తవ్వే ఆడకూలీల ముఠాకు ఆమె మేస్త్రి. ఆరీ ఆరని కొమ్మును కుప్ప పోసి కప్పితే లోపల వేడి పుట్టి సరుకు చెడిపోతుంది. పైకి ఏమీ తెలియదు. అమ్మ కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, మోచేయి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, కాసేపు ఉంచి, "ఇది లోపల కాగుతున్నది, ఇప్పుండ్రి" అనేది. రైతులు ఆ చేతికి ఎదురు చెప్పేవాళ్లు కాదు.

ఆమె గొంతూ పెద్దదే. ఆలూర్ చేలల్లో ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున పనిచేసేవాళ్లు తలెత్తేవాళ్లు. ఆ గొంతుకే జబ్బు వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో డాక్టర్లు చూసి, గొంతులో మాట పుట్టే భాగం మొత్తం తీసెయ్యాలి, ప్రాణం ఉంటుంది, మాట ఉండదు అన్నారు. అప్పటికి నా భార్యకు ఆరో నెల. అమ్మ తన ప్రాణం గురించి ఏమీ అడగలేదు. "పుట్టేటోడో పుట్టేదో, నా గొంతు ఇనకుంటనే పెరుగుతది గదరా" అంది.

అందుకే ఆపరేషన్‌కు ముందు వారం లాప్‌టాప్‌కు మైకు తగిలించి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టాను. "గీ డబ్బతోని ఏం మాట్లాడాలెరా" అని మొదట సిగ్గుపడింది. తరవాత మూడు రోజులు, రోజుకు కొంత మాట్లాడింది. పుట్టబోయే బిడ్డను పలకరించింది. పసుపు విత్తనం ఎట్లా ఏరాలో చెప్పింది. నేను చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసి చీమలకు దొరికిపోయిన సంగతి చెప్పి నవ్వింది. "మీ నాయినకు కోపమెక్కువ బిడ్డా. వాడు ఒర్రుతుంటె నువ్వు జర దూరం నిలబడు. ఎన్కకు వాడే ఏడుస్తడు" అని కూడా చెప్పింది. చివరి రోజు గొంతు బొంగురుపోయి సగం మాటలు గాలిలా వచ్చాయి. అవీ రికార్డు చేశాను.

అమ్మ మాట లేకుండా తిరిగి వచ్చింది. మెడ మీద రంధ్రం, దానికి అడ్డంగా తెల్లగుడ్డ. చదువు రాదు కాబట్టి రాసి చూపించలేదు. ఏం కావాలన్నా స్టీలు గ్లాసుతో బల్ల మీద రెండుసార్లు కొట్టేది. మేము తల తిప్పితే చేతులతో చెప్పేది. తిప్పకపోతే మళ్లీ కొట్టేది.

ఆ ఎండల్లోనే లాప్‌టాప్ ఆగిపోవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు బుద్ధిగా నడిచేది. తరవాత తెర మీద బాణం గుర్తు ఎక్కడిదక్కడ నిలిచిపోయేది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బటన్ నొక్కిపట్టి బంద్ చేసి మళ్లీ లేపాలి. ఒకరోజు అమ్మ ముందే ఆమె మాటలు పెట్టాను. "మంచిగున్నవా బిడ్డా" అనే చోట యంత్రం బిగుసుకుపోయి, "బి బి బి బి" అని ఆ ఒక్క అక్షరాన్నే ఆగకుండా మోగించింది. అమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. వెంటనే ఆ మాటలన్నీ సీడీలోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. సగంలో ఆగింది. రెండో సీడీ కూడా అట్లాగే పాడయింది.

అప్పుడు మా బావ రంగంలోకి దిగాడు. అక్క భర్త, పోచంపాడ్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. కంప్యూటరును నడిపించే సిస్టంలలో లైనక్స్ అంటే ఆయనకు దేవుడితో సమానం. ఆదివారం బస్సు దిగి, చొక్కా జేబులోంచి సీడీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ సిస్టమే ఖరాబ్ బామ్మర్దీ. మా ఆఫీసుల లైనక్స్ మిషిన్ నెలలకొద్ది బంద్ చేసుడే లేదు. ఒక్కపారి గూడ ఆగలే."

"గీ సిస్టం మీదనే నాలుగేండ్ల సంది నా షాపు నడుస్తున్నది బావా. పెద్ద కంప్యూటర్‌ల గూడ గిదే ఉన్నది. గది ఆగుతలేదు గద?"

"గది ఇయ్యాల ఆగకుంటె రేపాగుతది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గంతే."

రెండు ఆదివారాలు ఇదే పంచాయితీ. అదే సిస్టంతో పెద్ద కంప్యూటరు ఎందుకు ఆగడం లేదని నేనే అడిగాను. జవాబు కోసం ఇద్దరం ఒక్క క్షణం ఆగి ఉంటే చాలు. కానీ మాకు జవాబు కాదు, గెలుపు కావాలి.

మూడో ఆదివారం నేనే దిగివచ్చాను. విసుగొచ్చి, పాతది చెరిపి నీ లైనక్సే ఎక్కించు అన్నాను. అమ్మ ఆ పూట షాపులో మూలన కుర్చీలో కూర్చుని ఉంది. మేము మాట్లాడుకుంటుండగా లేచి వచ్చి, లాప్‌టాప్ పక్కన చెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది. వెనక్కి పోయి గ్లాసుతో రెండుసార్లు కొట్టింది.

"అమ్మా, జర ఆగరాదే!" అన్నాను తల తిప్పకుండానే.

మళ్లీ కొట్టింది. ఇంకోసారి, ఇంకా గట్టిగా. నాకు తిక్క రేగింది. లేచి వెళ్లి ఆమె చేతిలోంచి గ్లాసు లాక్కుని, పైన అరలో, అందనంత ఎత్తులో పెట్టాను. అమ్మ ఖాళీ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బావ మంచివాడు. మీట నొక్కే ముందు ఆగాడు. "సీ డ్రైవ్ మొత్తం పోతది. డీ డ్రైవ్ ముట్టుకోను. అత్తమ్మ మాటలు యాడున్నయి? ఒక్కపారి సూడు."

లాప్‌టాప్ లోపల దాచుకునే చోటు సీ, డీ అని రెండు భాగాలు. నేను షాపు పనులన్నీ డీలో దాచి, తొందరగా తెరవడానికి వాటి గుర్తులు మాత్రం తెర మీద పెట్టుకునేవాడిని. తెర మీద ఉన్న అమ్మ మాటల గుర్తు కూడా అట్లాంటిదే అనుకున్నాను. తెర మీద దాచింది సీలోకే పోతుందని తెలిసినవాడినే.

"డీల ఉన్నయని చెప్తున్న గద బావా! నా షాపు, నా ఫైళ్లు, నాకు తెల్వదా? కానియ్!"

ఆయన కానిచ్చాడు. ఎక్కించడం కూడా సగంలో మూడుసార్లు ఆగింది. చెమటలు కారుతుంటే టేబుల్ ఫ్యాను మా వైపు తిప్పుకున్నాను, ఆ గాలికే కావచ్చు, నాలుగోసారికి పూర్తయింది. కొత్త సిస్టం తెరుచుకుంది. బావ మీసం దువ్వుకున్నాడు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. పది నిమిషాలకు బాణం గుర్తు నిలిచిపోయింది.

అప్పుడు అమ్మ లేచి వచ్చింది. లాప్‌టాప్‌ను తువాల మీదినుంచి ఎత్తి, కుప్పలోకి చెయ్యి పోనిచ్చినట్టే కిందికి అరచెయ్యి పెట్టి, నా చెయ్యి పట్టుకుని అక్కడ ఆనించింది. చురుక్కుమంది. తిప్పి చూస్తే గాలి పోయే సందుల నిండా పసుపు దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది. ఆ కాస్త సందును కూడా నా నాలుగు మడతల తువాల మూసేసింది. బావ పిన్నీసుతో గెలికి ఊదితే పచ్చటి దుమ్ము లేచి ఆయన మొహమంతా పడింది. నవ్వాల్సిన మొహమే, ఎవరమూ నవ్వలేదు. ఆ తరవాత లాప్‌టాప్ సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగకుండా నడిచింది. ఏ సిస్టం తప్పూ లేదు.

డీ తెరిచాను. పెళ్లి పత్రికలున్నాయి, ప్రశ్నపత్రాలున్నాయి. అమ్మ లేదు. రెండుసార్లు వెతికాను, బావ ఇంకో రెండుసార్లు వెతికాడు. ఆ మూడు రోజులూ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకున్న తొందరలో అన్నీ తెర మీదే దాచేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మర్నాడే హైదరాబాద్ పోయాను. అక్కడి షాపువాడు చూసి, పాతదాని మీద కొత్తది రాసేశారు, ఇక రాదు అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. కాళ్లు పట్టుకుని చెప్పాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది కానీ నా మొహం చూడలేదు. గ్లాసు కిందికి తీసి ఆమె పక్కన పెట్టాను. నెల రోజులు దాన్ని ముట్టలేదు. దాహమేస్తే తనే లేచి వెళ్లి తాగింది. కోపగించుకుని కొట్టినా బాగుండేదని నాకు ఏడుపొచ్చేది.

పాప పుట్టింది. ఒక మధ్యాహ్నం షాపులో ఎవరికో దరఖాస్తు చదివి వినిపిస్తుంటే లోపలినుంచి రెండు దెబ్బలు వినిపించాయి. మాట మధ్యలో వదిలేసి పరుగెత్తాను. ఉయ్యాలలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజునుంచి ఆ చప్పుడుకు నేను తల తిప్పకుండా ఉన్నది లేదు.

పాపకు మూడేళ్లు వచ్చాక ఒకరోజు అడిగింది. "నాయినా, నానమ్మ నాతోని ఏం మాట్లాడింది?" అప్పటి రికార్డు సంగతి మా అక్క చెప్పినట్టుంది. అమ్మ మూలన కుర్చీలోనే ఉంది. నేను గుర్తున్నవన్నీ చెప్పాను. పసుపు విత్తనం, బెల్లం, చీమలు. మాటలు గుర్తున్నాయి, గొంతు తేలేకపోయాను. "మీ నాయినకు కోపమెక్కువ బిడ్డా, జర దూరం నిలబడు" అనగానే పాప నిజంగానే రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. మిగతా సగం నా నోట రాలేదు. కళ్లు తుడుచుకుంటుంటే పాప అక్కడినుంచే చూస్తోంది.

గ్లాసు రెండుసార్లు మోగింది. ఇద్దరం తల తిప్పాం. అమ్మ పాపకు చేత్తో నన్ను చూపించి, దగ్గరికి పొమ్మంది.

పాప వచ్చింది.