ఎర్రకోట్లు వచ్చాయి, క్లారినెట్ రాలేదు

బొంబాయి రోడ్డు మీద నుంచి మా గల్లీలోకి తిరిగే మూల కొంచెం వెడల్పుగా ఉండేది. జహీరాబాద్‌లో ఏ పెళ్లి ఊరేగింపైనా అక్కడికి వచ్చి కాసేపు ఆగేది, ఆడేవాళ్లకు చోటు దొరికేది కాబట్టి. మా డాబా సరిగ్గా దానికి ఎదురుగా ఉండేది. డెబ్బైల్లో, నేను హైస్కూల్లో చదివే రోజుల్లో, నాకు తెలిసిన సంగీతమంతా దాదాపు ఆ డాబా మీద నిలబడి విన్నదే. ఇంట్లో రేడియో ఉన్నా అది బాపు వార్తలకే మోగేది.

బ్యాండ్ మేళాలు బీదర్ వైపు నుంచి చాలా వచ్చేవి. వాటిలో ఒక్కదాన్ని మాత్రం నేను రెండు గల్లీల అవతలి నుంచే గుర్తుపట్టేదాన్ని. దాని పేరేమిటో నాకు తెలియదు. మేము ఎర్రకోట్ల బ్యాండ్ అనేవాళ్లం. క్లారినెట్ వాయించే పెద్దాయన వాళ్లకు ఉస్తాద్. సన్నటి మనిషి, నెరిసిన మీసం, భుజాల దగ్గర కోటు వదులుగా వేలాడేది. ఆయన చెయ్యి పైకెత్తగానే డ్రమ్ములూ బూరలూ ఆగిపోయేవి. తర్వాత ఆయనొక్కడే, ఏ తొందరా లేకుండా, పాట మొదలుపెట్టేవాడు. డ్రమ్ము వాళ్లు కర్రలు చంకలో పెట్టుకుని వినేవాళ్లు. ఆడుతున్న కుర్రాళ్లు కూడా ఆగిపోయేవాళ్లు. పాట ఒక చుట్టు తిరిగి వచ్చాక ఆయన తల చిన్నగా ఊపితే అందరూ ఒక్కసారిగా అందుకునేవాళ్లు. అప్పుడు నా ఒంట్లో ఏదో జరిగేది. దానికి ఇప్పటికీ నాకు సరైన మాట దొరకలేదు.

అమ్మ కింద నుంచి అరిచేది. "అన్నం తింటవా, ఆళ్లెంబడి బీదర్ పోతవా?"

ఎనభైల మొదట్లో నాకు న్యాల్‌కల్ సంబంధం కుదిరింది. అబ్బాయికి కరెంటాఫీసులో ఉద్యోగం, ఊళ్లో భూమి. పెళ్లి మా ఇంట్లోనే. చీరలకు హైదరాబాద్ పోదామా అని బాపు అడిగాడు.

"చీరెలు మీకెట్ల నచ్చితే గట్ల దెండ్రి. నాకు ఎర్రకోట్ల బ్యాండ్ గావాలె" అన్నాను.

బాపు నా ముఖంలోకి చూసి, నేను పరాచికం ఆడటం లేదని అర్థం చేసుకున్నాడు. "గంతేనా బిడ్డా? చిన్నాయినను పంపిస్త" అన్నాడు.

చిన్నాయన బస్సెక్కి బీదర్ పోయి, ఉస్తాద్‌తో స్వయంగా మాట్లాడి వచ్చాడు. "పెండ్లిపిల్లనే అడిగిందంటే ఎంత సంబురపడ్డడో ముసలాయన. తప్పకుండొస్త అన్నడు" అని చెప్పాడు. పెళ్లి దాకా మిగిలిన ఆ నెల రోజులూ నేను పెళ్లికొడుకు గురించి ఆలోచించినంతగా ఆ క్లారినెట్ గురించి కూడా ఆలోచించాను. ఇది మా ఆయనకు తర్వాతెప్పుడో చెబితే నవ్వి ఊరుకున్నాడు.

ఎదుర్కోలు రోజు సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, మగపెళ్లివాళ్లు రోడ్డు దగ్గరికి వచ్చారని కబురొచ్చింది. నేను లోపలి గదిలో పీట మీద కూర్చున్నాను. పక్కన మా మేనమామ కూతురు నా జడ కుచ్చులు సవరిస్తోంది. ముందు డ్రమ్ము వినిపించింది, తర్వాత బూరలు. రెండే బూరలు మోగుతున్నట్టు అనిపించింది. తర్వాత క్లారినెట్ మొదలైంది. మొదటి వరుసలోనే అది కీచుమంది.

"జర కిటికీల కెళ్లి సూడవే" అన్నాను.

ఆమె చూసింది. "ఎర్రకోట్లే. పదిమంది దాక ఉన్నరు. గని ముసలాయన లేడు. ఎవడో పిలగాడు వాయిస్తుండు." మళ్లీ చూసి, "ఇగో, గా సివరున్న బూరాయన ఊదుతనే లేడు. ఊకె నోటికి పెట్టుకున్నడు" అంది.

పెళ్లికూతురు లేవకూడదని ఎవరో అంటున్నా నేను లేచి కిటికీ దగ్గరికి పోయాను. బూర నోటికి ఆనించుకుని నడుస్తున్న మనిషిని నేను వెంటనే గుర్తుపట్టాను. బస్టాండ్ దగ్గర కోహీర్ జామకాయలు అమ్మేవాడు. వారానికి రెండుసార్లు మా అమ్మ ఆయన దగ్గరే కొనేది. కోటు చేతులు ఆయన వేళ్ల దాకా వచ్చాయి. నన్ను చూసి బూర దించి, సిగ్గుపడుతూ తల వంచాడు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే మళ్లీ నోటికి పెట్టుకున్నాడు.

చిన్నాయన బ్యాండును మూల మీదే ఆపి, డ్రమ్ము వాయించే పెద్దమనిషిని నిలదీశాడు. కిటికీలోంచి నాకు అంతా వినిపించింది.

"ఉస్తాద్ ఏడి?"

"రాయికోడ్ పోయిండు సాబ్. ఇయ్యాల లగ్గాలు బగ్గున్నయి. అందరు మేమే గావాలన్నరు. ఏం జేస్తం, సగం సగం అయినం."

"మరి మాకు మాటెందుకిచ్చిన్రు?"

"కోట్లయితే తక్కువ జెయ్యలే సాబ్" అన్నాడు ఆ మనిషి, చాలా మర్యాదగా.

చిన్నాయన చెయ్యెత్తబోయాడు. బాపు వచ్చి భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తీసుకుపోయాడు. మగపెళ్లివాళ్లకు ఏ తేడా తెలియలేదు. వాళ్ల కుర్రాళ్లు ఆ డ్రమ్ముకే గంటసేపు ఆడారు. మా అత్తగారైతే బ్యాండ్ బాగా పెట్టారని అమ్మను మెచ్చుకుంది.

మర్నాడు అప్పగింతలప్పుడు ఆ పిల్లవాడే వాయించాడు. పాపం, ప్రయత్నించాడు. ఊపిరి చాలక మధ్యలో తెంపాడు. నేను ఏడుస్తుంటే అందరూ పుట్టిల్లు విడుస్తున్నానని ఓదార్చారు. సగం ఏడుపు దానికే. మిగతా సగం మాత్రం క్లారినెట్ వల్ల.

ఐదారేళ్లకు న్యాల్‌కల్‌లో మా ఆడబిడ్డ పెళ్లికి ఉస్తాద్ వచ్చాడు. ఎవరు మాట్లాడారో నాకు తెలియదు. పొద్దున నీళ్లబిందెతో వస్తుంటే పందిరి ముందు ఎర్రకోట్లు కనిపించాయి, వాటి మధ్యలో ఆయన. బిందె అరుగు మీద పెట్టి నిలబడ్డాను. ఆయన చెయ్యెత్తాడు, అందరూ ఆగారు. మొదలుపెట్టిన తీరు అదే. కానీ పాట పైకి ఎక్కవలసిన చోట ఆయన ఎక్కలేదు, పక్కకు తప్పుకుని కిందికి దిగాడు. అక్కడ ఒక బూర ఆ పై వరుసను గట్టిగా పూర్తి చేసింది. రెండోసారీ అంతే. మూడోసారి వినకుండా లోపలికి పోయాను.

మధ్యాహ్నం బ్యాండు వాళ్లకు అన్నాలు పెట్టేటప్పుడు నేనే వడ్డించాను. ఆయన పప్పు కలుపుకుని మెత్తగా నములుతున్నాడు. క్లారినెట్‌ను ఆనించి పట్టుకునే ముందు పైపళ్లు లేవు. నా పెళ్లి సంగతి చెప్పాను, కోపం లేకుండానే.

ఆయన ముద్ద మింగి నా వైపు చూశాడు. "రాయికోడ్ల వాయించింది యాదుంది తల్లీ. బగ్గ జనం. యాడ పోలేదో గది యాదికుండదు" అన్నాడు. తర్వాత, "మాటిచ్చి రాలే అంటే తప్పే" అన్నాడు.

"ఇంటికాడ ఇంక ఎవరన్న వాయిస్తరా?"

"నా కొడుకు. నీ పెండ్లికి పంపింది వాన్నే అయ్యుంటది. ఇప్పుడు మంచిగ వాయిస్తుండు. ఇయ్యాల వాడు జహీరాబాద్ల ఒక లగ్గంల ఉన్నడు."

నేను ఇంకో గరిటె పప్పు వేశాను. చాలు చాలంటూ ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, బీదర్ బస్సు ఎన్నింటికని అడిగాడు. నాలుగున్నరకని చెప్పాను.