నాలుగు వారాలు 'నార్మల్' అని రాశాను

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన మొదటి చలికాలం అది. అప్పటికి నేను కువైట్‌లో ఫిజియోథెరపిస్టుగా పదకొండేళ్లు పూర్తిచేశాను. ఫింటాస్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఉద్యోగం. రోజంతా పట్టేసిన నడుములు, అరిగిన మోకాళ్లు, ఫోను చూసీ చూసీ వంగిపోయిన మెడలు. ఆ ఏడాది ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు తమ ఫుట్‌బాల్ జట్టుకు సీజన్ అంతా ఒక ఫిజియో కావాలని మా క్లినిక్‌ని అడిగారు. ఖాళీగా కనిపించానేమో, నన్ను పంపారు.

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకుని వెళ్లాను. తీరా చూస్తే అది అమెరికా పద్ధతి ఆట. తలకు హెల్మెట్లు, భుజాలకు దిళ్లంత ప్యాడ్లు, కోడిగుడ్డు ఆకారంలో బంతి. ఇది ఆటా, తగవా అనిపించింది. రెండు వారాలు చూశాక మన కబడ్డీకి దూరపు చుట్టమేనని సమాధానపడ్డాను. బంతి పట్టుకుని పరుగున దూసుకొచ్చేవాణ్ని ఆపే పనిని ఇందులో రన్ డిఫెన్స్ అంటారు. ముందు వరసలో బరువైన కుర్రాళ్లు నిలబడి అవతలివాళ్ల గుద్దు కాచుకుంటారు. వాళ్ల వెనక ఉండే లైన్‌బ్యాకర్ బంతి తెచ్చేవాణ్ని ఒడిసిపట్టి పడేస్తాడు. ముందువాడు దెబ్బ కాచుకుంటేనే వెనకవాడి చేతులు ఖాళీగా ఉంటాయి. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతా ఆట నాకూ సరిగ్గా తెలియదు.

సీజన్ మొదట్లో మా జట్టు బాగానే ఆడింది. ఆ తర్వాత ఏమైందో, రన్ డిఫెన్స్‌కి గండి పడింది. ప్రతి మ్యాచ్‌లోనూ అవతలివాళ్లు ఒకే చోటు నుంచి దూరి పోతున్నారు. ఆ చోట లైన్‌బ్యాకర్ యూసుఫ్ అనే ఈజిప్టు కుర్రాడు. వాళ్ల నాన్న సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపులో ఏసీలు బాగుచేస్తాడు. జట్టులో ఉన్నంతకాలం యూసుఫ్‌కి కాలేజీ ఫీజులో రాయితీ ఉంటుంది. జట్టులోంచి తీసేస్తే చదువు మానేసి తండ్రి పక్కన స్పానర్ పట్టుకోవాల్సిందే. ఇది జట్టులో అందరికీ తెలుసు.

కోచ్ కరీం లెబనాన్ మనిషి, అమెరికాలో ఆడి వచ్చినవాడు. మంచివాడే గానీ వరుసగా ఓడిపోతుంటే మంచితనం ఎంతకాలం నిలుస్తుంది? ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, యూసుఫ్ అడుగు నెమ్మదించింది, మోకాలు చూడమన్నాడు. మోకాల్లో ఏమీ లేకపోతే వచ్చే మ్యాచ్‌కి ముందే పేరు కొట్టేస్తానన్నాడు.

యూసుఫ్‌ని బల్ల మీద పడుకోబెట్టి మోకాలు లాగాను, తిప్పాను, దింపి ఒంటికాలి మీద గెంతించాను. రాయిలా ఉంది. ఏమీ లేదని చెబితే వాడి పని అయిపోయినట్టే. ఆ మాట వాడికీ తెలుసు. షూ లేసులు కట్టుకుని లేచాడు.

"నేను కదిలేలోపే నా మీద మనిషి ఉంటున్నాడు డాక్టర్. వాడు ఎక్కడి నుంచి వస్తున్నాడో ఒకసారి చూడండి" అన్నాడు. ఎవరి పేరూ ఎత్తలేదు.

మా వృత్తిలో రిఫర్డ్ పెయిన్ అని ఒక మాట ఉంది. నొప్పి ఒకచోట, దాని కారణం మరోచోట. మోకాలు పట్టుకుని వచ్చినవాడికి తుంటిలో తేడా ఉండొచ్చు. చెయ్యి నొప్పి అన్నవాడికి మెడలో ఉండొచ్చు. పేషెంట్లకు రోజూ చెప్పే ఈ పాఠం జట్టుకు కూడా వర్తిస్తుందని నాకు అంతవరకూ తట్టలేదు. కోచ్‌ని అడిగి మ్యాచ్‌ల వీడియోలు తెచ్చుకుని, క్లినిక్‌లో మధ్యాహ్నం విరామంలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. బంతిని చూడటం మానేసి భుజాలు చూశాను.

యూసుఫ్ ముందు నిలబడే కుర్రాడు దెబ్బ తగలడానికి ఒక్క క్షణం ముందు కుడి భుజం వెనక్కి తీసుకుంటున్నాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ. దాంతో గుద్దడానికి వచ్చినవాడు వాణ్ని దాటుకుని తిన్నగా యూసుఫ్ మీద పడుతున్నాడు. గండి కనబడుతున్నది యూసుఫ్ దగ్గర, గట్టు తెగుతున్నది ముందు వరసలో. ఆ ముందు కుర్రాడు ప్రణీత్.

ప్రణీత్ మనవాడు. వాళ్ల నాన్న సుబ్బారావుగారిది పాలకొల్లు, మాది అమలాపురం. మధ్యలో గోదావరి పాయలు తప్ప వేరే అడ్డం లేదు. ఫహాహీల్‌లో వాళ్ల ఫ్లాటు. ఒంటరిగాణ్నని జాలిపడి ప్రతి శుక్రవారం భోజనానికి పిలిచేవారు. వాళ్లావిడ జుబైదీతో, అంటే మన చందువా చేపతో, పులుసు పెడితే పొరుగు ఫ్లాట్ల వాళ్లు తలుపు తీసి చూసేవారు. ప్రణీత్‌కి నేను మావయ్యగారిని.

ప్రతి మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లందరి బలం పరీక్షించడం నా పని. చెయ్యి పక్కకి చాపమని, పైనుంచి నేను నొక్కితే ఎంత ఆపగలుగుతున్నారో చూసి రిజిస్టర్‌లో రాయాలి. లాప్‌టాప్ మూసేసి ఆ రిజిస్టర్ తీశాను. ప్రణీత్ పేరు ఎదురుగా నాలుగు వారాలూ 'నార్మల్' అని నా చేతిరాతే ఉంది. ఒక్క వారం కూడా వాడి చెయ్యి నొక్కి చూసిన గుర్తు లేదు. వాడు వచ్చి కూర్చోగానే అమ్మ ఎలా ఉంది, శుక్రవారం ఏం వండుతోంది, పాలకొల్లు నుంచి ఎవరైనా వచ్చారా, ఇవే కబుర్లు. కబుర్లు అయ్యాక 'నార్మల్' అని రాసి పంపేసేవాణ్ని. పరాయి పిల్లలకి పద్ధతిగా పరీక్ష, మన పిల్లాడికి కబుర్లు. ఆ మధ్యాహ్నం నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు ప్రణీత్‌ని పిలిచి మాటల్లేకుండా చెయ్యి చాపమన్నాను. ఎడమ చెయ్యి నా బరువంతా ఆపింది. కుడి చెయ్యి రెండు వేళ్లతో నొక్కితేనే దిగిపోయింది.

"ఎన్నాళ్లయ్యిందిరా?"

"నాలుగు వారాలండి. గుద్దు తగిలినప్పుడల్లా మెడ కాడ్నించి వేళ్లదాకా కరెంటు కొట్టినట్టుంటందండి."

"మరి నాతో చెప్పలేదేం?"

వాడు తల దించుకున్నాడు. "మీరు అడుగుతారని చూశానండి మావయ్యగారూ. అడిగితే చెప్పేద్దును."



దీన్ని స్టింగర్ అంటారు. మెడ నుంచి చేతికి వెళ్లే నరం దెబ్బకి సాగితే వచ్చే బాధ. ఒకసారైతే సాధారణంగా కాసేపట్లో సర్దుకుంటుంది. దాచిపెట్టి అదే భుజం మీద మళ్లీ మళ్లీ దెబ్బ తింటే చేతిలో బలం ఎప్పటికీ పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. వాణ్ని న్యూరాలజిస్టు దగ్గరికి పంపించి, ఆట ఆపాలని రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఈలోగా సుబ్బారావుగారు ఫోను చేశారు. కొడుకు ఆట చూడ్డానికి రమ్మని కంపెనీలో అందరినీ పిలుచుకున్నారట. ఫహాహీల్ నుంచి రెండు వ్యాన్లు కూడా మాట్లాడారట.

"ఒక్క మేచ్ అండి. ఆ తర్వాత మీరెలా చెప్తే అలాగే. మీరు రాయకపోతే ఎవరికి తెలుస్తాదండి? మనం మనం ఒకటి కదండీ."

"ఆ ఈజిప్టు కుర్రాడిక్కూడా తండ్రి ఉన్నాడండి" అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

రిపోర్టుతో పాటు రిజిస్టర్ కూడా పట్టుకెళ్లి కరీం ముందు పెట్టాను. వీడియో చూపించాను. తప్పు యూసుఫ్‌ది కాదు, ప్రణీత్‌ది కూడా సగమే, మిగతా సగం నాదని చెప్పాను. కరీం అరుస్తాడనుకున్నాను. అరవలేదు. రిజిస్టర్ నాలుగు పేజీలూ తిప్పి, "ఈ సంతకాలన్నీ మీవేనా?" అని మాత్రం అడిగాడు. నావేనన్నాను. వారం తిరక్కుండా మా క్లినిక్‌కి కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. మేనేజర్ నాకు మెమో ఇచ్చాడు. మరుసటి సీజన్‌కి వేరే ఫిజియోని పంపమన్నారు. అందులో అన్యాయం ఏమీ లేదు.

ప్రణీత్ స్థానంలో జోయెల్ అనే పొట్టి ఫిలిప్పీన్స్ కుర్రాణ్ని నిలబెట్టాడు కరీం. గొప్పలకు పోవద్దు, దెబ్బ కాచుకుని నీ చోట నువ్వు నిలబడు, అంతే, అని చెప్పాడు. వాడు అంతే చేశాడు. యూసుఫ్ చేతులు ఖాళీ అయ్యాయి. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం, మా కుర్రాళ్లు బంతి రెండుసార్లు జారవిడిచారు. కానీ ఆ చోటు నుంచి మాత్రం ఒక్కడు కూడా దాటలేదు. యూసుఫ్ పేరు జట్టులో నిలిచింది, చదువూ నిలిచింది. ప్రణీత్ చేతికి బలం రావడానికి వేసవి దాకా పట్టింది. నాకు మాత్రం శుక్రవారం భోజనం ఖలాస్.

సీజన్ చివరి రోజు సామాను సర్దుకుంటుంటే యూసుఫ్ వచ్చాడు. నేను వాడికి క్షమాపణ చెప్పాను. తర్వాత ఉండబట్టలేక, ప్రణీత్ భుజం సంగతి నీకు ముందే తెలుసు కదా, మోకాలు చూసిన రోజైనా నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"మీరిద్దరూ ప్రతి వారం మీ భాషలో చాలాసేపు మాట్లాడుకునేవారు డాక్టర్. మీకు తెలిసే ఊరుకున్నారనుకున్నాను."

నేను ఏమరుపాటు అనుకున్నదాన్ని వాడు అన్యాయం అనుకున్నాడు. అలా అనుకుంటూనే ప్రతి వారం నా ముందు చెయ్యి చాపాడు, పరీక్ష అయ్యాక షుక్రన్ అని థాంక్స్ చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి నా గదిలోకి మన ఊరివాళ్లు ఎవరొచ్చినా ముందు పరీక్ష చేస్తాను. ఊరి కబుర్లు మొదలుపెడితే ఆగమంటాను. కొందరు నొచ్చుకుంటారు. తలుపు బయట తన వంతు కోసం కూర్చున్నవాడికి మా భాష రాదు. లోపల నేను ఎంత న్యాయంగా ఉన్నానో వాడికి తెలిసేది, ఎవరిని ఎంతసేపు కూర్చోబెట్టుకున్నానన్న లెక్కతోనే.